తరగతి గదిలో మీటరు 2,400 చూపిస్తుంటే ఏం చేయాలి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. మీరు ఒక పాఠశాల నిర్వహణ చూస్తున్నారు. గదికి దాదాపు నలభై మంది పిల్లలు. ఈమధ్య నాలుగు గదుల్లో కార్బన్ డయాక్సైడ్ మీటర్లు పెట్టించారు. ఉదయం మొదటి పీరియడు మొదట్లో 600 దగ్గర ఉండే అంకె మూడు గదుల్లో మధ్యాహ్నానికి 2,400కు చేరుతోంది. నాలుగో గదిలో మాత్రం రోజంతా 700 దాటడం లేదు. ఈ అంకెలను నమ్మవచ్చా, ఎయిర్ ప్యూరిఫయర్లు కొనాలా, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు బిగించాలా, లేక కిటికీలు తెరిస్తే చాలా అని అడిగారు. భవనాల్లో గాలి రాకపోకలను కొలిచి సరిచేయడం చాలా ఏళ్లుగా నా వృత్తి. అందులో పాఠశాలలే ఎక్కువ. నా మొదటి సలహా ఒక్కటే: ఇప్పటికిప్పుడు ఏమీ కొనవద్దు. మీ దగ్గరున్న మీటర్లతోనే ఇంకొక కొలత తీసుకోవలసి ఉంది. అది లేకుండా ఏది కొన్నా చీకట్లో బాణం వేసినట్లే అవుతుంది.

ముందుగా ఆ అంకె దేనిని చెబుతున్నదో చూద్దాం. 2,400 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 2,400 వంతులు) కార్బన్ డయాక్సైడ్ పిల్లలకు విషమేమీ కాదు. పరిశ్రమల్లో ఎనిమిది గంటల పనికి అనుమతించే పరిమితి 5,000 పీపీఎం. తల్లిదండ్రులకు మీరు ఈ సంగతి ముందే చెప్పడం మంచిది, లేకపోతే మీటరు చూసి కంగారు పడతారు. అసలు విషయం ఇది: బయటి గాలిలో ఇప్పుడు సుమారు 420 పీపీఎం ఉంటుంది, మనిషి వదిలే ఊపిరిలో దాదాపు 40,000 పీపీఎం ఉంటుంది. గదిలో అంకె 420 కంటె ఎంత ఎక్కువగా ఉందో అంత మేరకు ఇతరుల ఊపిరి ఆ గాలిలో కలిసి ఉన్నట్లు లెక్క. 2,400లో 420 తీసివేస్తే 1,980. అది 40,000లో ఇంచుమించు 5 శాతం. అంటే వెనుక బెంచీలో కూర్చున్న పిల్ల పీల్చే ప్రతి ఇరవై శ్వాసల్లో ఒక శ్వాసకు సరిపడా గాలి అప్పటికే ఆ గదిలో ఎవరో ఒకరి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి వచ్చినది. జలుబు, దగ్గు, జ్వరాలు తరగతి మొత్తానికి పాకడంలో దీని పాత్ర ఏమిటో ఇక వేరే చెప్పనక్కరలేదు.

ఈ వాదన కొత్తదేమీ కాదు. మ్యూనిక్‌కు చెందిన ఆరోగ్యశాస్త్రవేత్త మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్ 1858లోనే గదుల్లో 1,000 పీపీఎం దాటకూడదని ప్రతిపాదించారు. ఆ వాయువే హాని చేస్తుందని కాదు, గదిలో మనుషుల నుంచి వెలువడే తక్కినవాటన్నిటికీ అది గుర్తుగా పనికివస్తుందని. చదువు సంగతికి వస్తే, భవనాల లోపలి గాలిని పరిశోధించే పావెల్ వార్గొకి బృందం అప్పటివరకు వచ్చిన ప్రయోగాలను కలిపి 2020లో ఒక అంచనా ప్రచురించింది. దాని ప్రకారం తరగతిలో అంకెను 2,100 నుంచి 900కు తగ్గిస్తే పిల్లలు పనులు పూర్తిచేసే వేగం సుమారు 12 శాతం మెరుగుపడుతుంది. తప్పుల్లో వచ్చే తేడా మాత్రం 2 శాతమే. మధ్యాహ్నం చివరి పీరియడులో పిల్లలు తూగుతున్నారని ఉపాధ్యాయులు అంటే ఆ తప్పంతా భోజనానిది కాదు.

ఇక మీ గది లెక్క. మీరు కొలతలు ఇవ్వలేదు కనుక 9 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు అనుకుందాం. అంటే 189 ఘనపు మీటర్ల గాలి. బడి వయసు పిల్లవాడు కూర్చుని రాసుకుంటూ సెకనుకు సుమారు 0.0045 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. చిన్న తరగతుల్లో ఇది కొంచెం తక్కువ, పెద్ద తరగతుల్లో కొంచెం ఎక్కువ. నలభై మందికి గంటకు దాదాపు 0.65 ఘనపు మీటర్లు అవుతుంది. గదికి గాలి రాకపోకలు బొత్తిగా లేకపోతే మీటరు నిమిషానికి 57 చొప్పున పెరుగుతుంది. పది నిమిషాల్లో 420 కాస్తా దాదాపు 1,000 అవుతుంది. మీ మీటరు 2,400 దగ్గర నిలబడుతున్నదంటే, మీ గదుల్లోని గాలి గంటకు ఒకటిన్నర నుంచి రెండుసార్లు మాత్రమే మారుతున్నదని కాగితం మీదే చెప్పవచ్చు.

ఎన్నిసార్లు మారాలి? భవనాల్లో గాలి, చల్లదనం చూసే ఇంజనీర్ల సంస్థ, అమెరికాకు చెందిన ఆష్రే, రాసిన 62.1 ప్రమాణం తరగతి గదికి మనిషికి సెకనుకు 5 లీటర్లు, దానికి తోడు చదరపు మీటరు నేలకు 0.6 లీటర్ల బయటి గాలి కావాలంటుంది. పైన అనుకున్న గదికి అది సెకనుకు 238 లీటర్లు, అంటే గంటకు నాలుగున్నర మార్పులు. అప్పుడు మీటరు 1,200 లోపున నిలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇళ్లు, ఆసుపత్రులు కాని భవనాలకు మనిషికి సెకనుకు 10 లీటర్లని సూచించింది. అలా అయితే గంటకు ఏడున్నర మార్పులు, మీటరులో 900 లోపు. ఇంగ్లండ్‌లో పాఠశాలల కోసం రాసిన బీబీ 101 మార్గదర్శకం కొంచెం ఉదారమైనది: ఫ్యాన్లతో గాలి తెచ్చే గదుల్లో రోజు సగటు 1,000 లోపు, కిటికీలపై ఆధారపడే గదుల్లో 1,500 లోపు ఉండాలని, కిటికీల గదుల్లో వరుసగా 20 నిమిషాలకు మించి 2,000 దాటకూడదని చెబుతుంది. ఈ మూడింటిలో ఏది పాటించాలని అడిగితే, నలభై మంది ఉన్న గదికి ఆష్రే అంకెను కనీసంగా పెట్టుకొని, వీలైనచోట అంతకంటె మెరుగు చేసుకొమ్మని చెబుతాను. 800 కంటె తగ్గించాలని పట్టుబట్టి గదిని ఎండకో చలికో వదిలేస్తే పిల్లలే కిటికీలు మూసేస్తారు.

నేను మొదట చెప్పిన కొలత ఇది. చివరి గంట కొట్టి పిల్లలంతా వెళ్లిపోయాక, తలుపులు, కిటికీలు పాఠం జరిగేటప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉంచండి. సీలింగ్ ఫ్యాన్లు తిరుగుతూ ఉండనివ్వండి, గాలి ఒకచోట నిలిచిపోకుండా కలుస్తుంది. మీరు కూడా గదిలో ఉండవద్దు. మీటరు అంకెలు తనలో నమోదు చేసుకునేది కాకపోతే అయిదు నిమిషాలకొకసారి బయటి నుంచి కిటికీ గుండా చూసి రాసుకోండి. ప్రతి అంకె నుంచి బయటి గాలి అంకె 420 తీసివేయండి. మిగిలిన మొత్తం మొదట ఉన్నదానిలో 37 శాతానికి దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడండి. 60ని ఆ నిమిషాలతో భాగిస్తే వచ్చేదే గంటకు గాలి మార్పుల సంఖ్య. మీ ఉదాహరణలో 2,400 అంటే 1,980 అదనం. అందులో 37 శాతం 730. అంటే మీటరు 1,150కి దిగేవరకు ఆగాలి. దానికి 35 నిమిషాలు పడితే 60ని 35తో భాగించగా 1.7 వస్తుంది. ఖాళీ గది, ఒక గడియారం, ఒక కాగితం ఉంటే చాలు.

మరునాడు అదే కొలతను కిటికీలు, తలుపులు, పైనున్న వెంటిలేటర్లు అన్నీ బార్లా తెరిచి మళ్లీ తీసుకోండి. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాయే మీ కిటికీల విలువ. మూసినప్పుడు 1.7, తెరిచినప్పుడు 8 వచ్చిందనుకోండి, మీ సమస్య భవనానిది కాదు, అలవాటుది. ఫ్యాన్ల మీద ఖర్చు పెట్టనక్కరలేదు. అన్నీ తెరిచినా 3 దాటలేదంటే గాలికి దారి లేదన్నమాట, అప్పుడు ఎంత క్రమశిక్షణ పెట్టినా లాభం లేదు. గాలి వీచే రోజున ఒకసారి, ఆకు కదలని రోజున ఒకసారి కొలవడం అవసరం, ఎందుకంటే కిటికీల మీద ఆధారపడిన గదిలో ఈ అంకె రోజుకొక తీరుగా ఉంటుంది. నా వరకు నేను ఆకు కదలని రోజు అంకెనే లెక్కలోకి తీసుకుంటాను.

ఇప్పుడు మీ నాలుగో గది. రోజంతా 700 అని చూడగానే నాకు ఆనందం కలగదు, అనుమానం కలుగుతుంది. ఒక పాఠశాలలో ఇటువంటి గదినే నాకు గర్వంగా చూపించారు. మీటరును కిటికీ గట్టు మీద పెట్టారు; ప్లగ్గు అక్కడే ఉందట. బయటి నుంచి వచ్చే గాలి నేరుగా దానిని తాకి వెళ్తున్నది. ఒక పొడవైన వైరు తెప్పించి మీటరును వెనుక గోడ మీద, పిల్లల తల ఎత్తున తగిలించాము. నలభై నిమిషాల్లో అంకె 1,900 అయింది. ఆ గదిలో అంతకాలం కిటికీ పక్క బెంచీ వాళ్లొక గాలి, వెనుక బెంచీల వాళ్లొక గాలి పీలుస్తూ వచ్చారు. ఈ పరికరం నేల నుంచి ఒక మీటరు, ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉండాలి. కిటికీకి, తలుపుకు, ఏసీ గాలి తగిలే చోటుకు దూరంగా ఉండాలి. ఎవరి ముఖానికీ మీటరు దూరం కంటె దగ్గరగా ఉండకూడదు. ఉపాధ్యాయుల బల్ల మీద పెడితే వారి ఊపిరినే కొలుస్తుంది.

చోటు సరిగానే ఉందని తేలితే మీటరునే పరీక్షించాలి. నాలుగింటిని ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టి ఒక గంట చూడండి. వంద పీపీఎం లోపు తేడాలు సహజం, మంచి మీటర్లకే 50 పీపీఎం, దానిపైన చూపిన అంకెలో 3 నుంచి 5 శాతం వరకు అటూ ఇటూ ఉంటుంది. తరువాత నీడలో, ఆరుబయట, ఎవరూ దగ్గర లేకుండా ఇరవై నిమిషాలు ఉంచితే 420కి దగ్గరగా రావాలి. చాలా మీటర్లు గడిచిన వారం రోజుల్లో తాము చూసిన అతి తక్కువ అంకెనే బయటి గాలి అనుకొని తమను తాము సర్దుకుంటాయి. ఎన్నడూ సరిగా గాలి మారని గదిలో ఆ కనిష్ఠం 650 అయినా మీటరు దానిని 400 అని మార్చి పెట్టుకుంటుంది, అటుపైన అన్నీ తగ్గించి చూపుతుంది. అటువంటప్పుడు బయటికి తీసుకుపోయి కేలిబ్రేషన్ మీట నొక్కితే సరిపోతుంది.

ఇంకొక రకం మోసం ఉన్నది. చవక పరికరాల్లో కొన్ని కార్బన్ డయాక్సైడ్‌ను కొలవవు. గాలిలోని ఇతర ఆవిరులను పసిగట్టి, దానినిబట్టి ఒక అంకెను ఊహించి చూపుతాయి. వైట్‌బోర్డు మార్కరు మూత తీసి గాని, శానిటైజరు చేతికి రాసుకొని గాని మీటరు దగ్గర పెట్టండి. అంకె ఒక్కసారిగా వందల్లో ఎగిరితే అది ఆ జాతిదే. పరారుణ కాంతితో కొలిచే ఎన్‌డీఐఆర్ రకం, లేదా కాంతి తగిలిన వాయువు చేసే సన్నని చప్పుడుతో కొలిచే ఫోటోఅకూస్టిక్ రకం అని పెట్టె మీద స్పష్టంగా ఉంటేనే కొనాలి.

మీటర్లు నమ్మదగినవని తేలాక గది చుట్టూ ఒకసారి నడవండి, చేతిలో కాగితం పెట్టుకొని. నేను చూసిన గదుల్లో సగానికి పైగా ఏదో ఒక దారి మూసి ఉంది. రంగు వేసినప్పుడు చట్రానికి అంటుకుపోయి మళ్లీ తెరుచుకోని కిటికీ రెక్కలు, పాత జవాబుపత్రాలున్న బీరువా అడ్డంగా పెట్టిన కిటికీ, ప్రొజెక్టరు కోసం అట్టముక్కలు కొట్టి మూసేసిన వెంటిలేటర్లు, గొళ్లెం ఊడిపోయి గాలికి కొట్టుకుంటున్నదని తాడుతో కట్టేసిన రెక్క. దోమల జాలీ కూడా దుమ్ము పట్టి మూసుకుపోతుంది. వేలితో తుడిస్తే బూడిదరంగు పొర ఊడి వస్తే అది గాలిని సగం సగం ఆపేస్తున్నట్లే లెక్కవేసుకొని నీళ్లతో కడిగించండి. వీటన్నిటికీ కావలసింది ఒక వడ్రంగి, ఒక రోజు. ఏ యంత్రం కొనకముందే ఇది చేయించాలి.

గాలికి రావడానికి ఒక దారి, పోవడానికి ఇంకొక దారి ఉండాలి; ఒకే గోడకు ఎన్ని కిటికీలున్నా రెండో దారి లేనట్లే. ఎదురెదురు గోడలకు తెరుచుకునే చోట్లుంటే గాలి గదిని దాటిపోతుంది. ఒక్క గోడకే కిటికీలున్న గదిలో గది ఎత్తుకు రెండు, రెండున్నర రెట్ల లోతు వరకే బయటి గాలి బాగా చేరుతుందని మావాళ్ల లెక్క. 3 మీటర్ల ఎత్తు గదిలో అది 6 నుంచి 7.5 మీటర్లు. అంటే మీ వెనుక బెంచీ ఆ హద్దు మీదనే ఉన్నది. అటువంటి గదికి వరండా వైపు తలుపు, దానిపైన వెంటిలేటరు తెరిచి ఉంచడం ఎంతో మేలు చేస్తుంది. కిటికీ కింది భాగం, పై భాగం రెండూ తెరిచినా ఫలితం ఉంటుంది, ఎందుకంటే పిల్లల ఒంటి వేడికి వెచ్చబడిన గాలి పైనుంచి పోతూ ఉంటే కింది నుంచి చల్లనిది వస్తుంది. గాలి వీచని రోజున మనకున్న బలం ఇదొక్కటే. ఎండ కాచే వేళ లోపలా బయటా ఒకే వేడి ఉంటే ఆ బలం కూడా ఉండదు.

సీలింగ్ ఫ్యాను బయటి గాలిని తీసుకురాదు. ఉన్న గాలినే కలుపుతుంది. గోడకు బిగించే స్ప్లిట్ ఏసీ కూడా అంతే. గదిలోని గాలినే చల్లబరిచి మళ్లీ గదిలోకే వదులుతుంది. నేను కొలిచినవాటిలో అన్నిటికంటె ఎక్కువ అంకెలు ఏసీ గదుల్లోనే వచ్చాయి, 4,000 దాటినవి కూడా ఉన్నాయి; చల్లగా ఉంది కనుక ఎవరికీ అనుమానం రాదు.

విరామంలో పది నిమిషాలు అన్నీ తెరిస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. గాలి గంటకు పదిసార్లు మారేలా తెరిస్తే పది నిమిషాల్లో అదనం అయిదో వంతుకు దిగుతుంది, ఆ మాట నిజం. కాని పిల్లలు వచ్చి కూర్చుని కిటికీలు మూయగానే నిమిషానికి దాదాపు యాభై చొప్పున పెరగడం మొదలై, అరగంటలో ఆ లాభంలో సగానికి పైగా కరిగిపోతుంది. పాఠం జరిగేటప్పుడు రెండు ఎదురు కిటికీలు నాలుగు వేళ్ల సందున తెరిచి ఉంచడం దీనికంటె మేలు. విరామంలో తెరవడం దానికి అదనంగా ఉండాలి, బదులుగా కాదు.

అన్నీ తెరిచినా కొలత 3 దాటని గదులకే ఎగ్జాస్ట్ ఫ్యాను. పైన అనుకున్న గదికి గంటకు 860 ఘనపు మీటర్లు కావాలి. కేటలాగులో రాసే సామర్థ్యం ఫ్యానుకు ఏ అడ్డూ లేనప్పటిది. జాలీ, బయటి మూత, ఎదురుగాలి ఉన్నచోట అది నిజంగా తోడేది తక్కువ, కనుక నేను మూడో వంతు కొట్టివేసి లెక్కవేస్తాను. అంటే 1,300 రాసి ఉన్న ఫ్యాను. లోనికి గాలి వచ్చే దారి కూడా అంతే ముఖ్యం: ఆ గాలి సెకనుకు ఒక మీటరు వేగంతో రావాలంటే పావు చదరపు మీటరు తెరిచిన చోటు ఉండాలి. తలుపులన్నీ మూసి ఫ్యాను వేస్తే అది ఊరికే రొద చేస్తూ తిరుగుతుంది.

ఫ్యాను బిగించే చోటు విషయంలో నేనే ఒకసారి పొరబడ్డాను. వైరింగు సులువని ఫ్యానును తెరిచి ఉంచే కిటికీకి సరిగ్గా పైన పెట్టించాను. ముందు బెంచీ దగ్గర 900, వెనుక గోడ దగ్గర 2,200 వచ్చింది. దారానికి సన్నని టిష్యూ కాగితం ముక్క కట్టి గదంతా తిరిగి చూశాను: కిటికీ దగ్గర కాగితం లోపలికి ఎగిరి, రెండడుగుల దూరంలోనే పైకి, ఫ్యాను వైపు మళ్లుతున్నది. వెనుక బెంచీ దగ్గర కదలకుండా వేలాడింది. వచ్చిన గాలి వచ్చినట్లే పోతున్నదన్నమాట. ఫ్యానును ఎదురు గోడకు మార్చాక రెండు చోట్లా 1,100 దగ్గరికి వచ్చింది. ఆ కాగితం ముక్కను అప్పటి నుంచి ఎప్పుడూ సంచిలోనే ఉంచుకుంటున్నాను. మీరూ ఫ్యాను పెట్టకముందే దానితో ఒకసారి గదంతా తిరగండి. ఇంకొక జాగ్రత్త: పక్కన మరుగుదొడ్లుంటే ఎగ్జాస్ట్ ఫ్యాను ఆ గాలిని తలుపు సందుల్లోంచి గదిలోకి లాగుతుంది. అటువంటి గదికి, శుభ్రమైన వైపు నుంచి గాలిని లోపలికి నెట్టే ఫ్యాను పెట్టాలి.

ప్యూరిఫయర్ల గురించి సూటిగా చెప్పాలంటే, అవి కార్బన్ డయాక్సైడ్‌ను ఒక్క పీపీఎం కూడా తగ్గించవు. కనుక మీ మీటరు అంకె చూసి ప్యూరిఫయరు కొనడం కంటినొప్పికి కాలికి మందు రాసినట్లు. అయితే అవి పనికిరానివని కాదు. హెపా వడపోత 0.3 మైక్రాన్ల కణాలను 99.97 శాతం ఆపుతుంది. ధూళినీ, దగ్గుతో వెలువడే సూక్ష్మ తుంపరలనూ పడుతుంది. బయటి గాలే మురికిగా ఉండి కిటికీలు తెరవలేనప్పుడు అది అవసరమవుతుంది. గది ఘనపరిమాణానికి గంటకు కనీసం మూడు రెట్లు, అంటే మన గదికి 570 ఘనపు మీటర్ల సీఏడీఆర్ (యంత్రం గంటకు శుభ్రం చేసి ఇచ్చే గాలి) ఉండాలి. ఆ అంకె అత్యధిక వేగంలోది. ఆ వేగంలో ఉండే రొదకు ఉపాధ్యాయుల మాట వినపడదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ తరగతి గదికి సూచించిన వెనుక చప్పుడు 35 డెసిబెల్లే. మూడో రోజున ఎవరో ఒకరు వేగం తగ్గించి వదిలేస్తారు. అందుచేత మధ్య వేగంలో ఎంత ఇస్తుందో అడిగి, అవసరమైతే ఒక పెద్దదాని బదులు రెండు చిన్నవి పెట్టండి. అయాన్లు, ఓజోన్ వదిలే పరికరాలను పిల్లలున్న గదిలో పెట్టవద్దు. ఓజోన్ ఊపిరితిత్తులను రేపుతుంది.

ఖర్చు భరించలేని చోట పెట్టె ఆకారంలో నాలుగు మెర్వ్-13 (సన్నని కణాలను కూడా చాలావరకు పట్టే రకం) వడపోతలు అమర్చి పైన ఒక ఫ్యాను బిగించే కోర్సీ-రోసెంతాల్ పెట్టె మంచి మార్గం. 2020లో రిచర్డ్ కోర్సీ, జిమ్ రోసెంతాల్ ఆలోచనగా వచ్చిన ఈ పెట్టెను పెద్ద తరగతుల పిల్లలే తయారుచేయగలరు. వడపోత కణాలను ఒక్కసారికే అన్నిటినీ పట్టకపోయినా, ఫ్యాను ఎక్కువ గాలి తిప్పడంవల్ల మొత్తం మీద లాభమే.

మీ బడి పెద్ద రోడ్డు పక్కన ఉన్నదో లేదో మీరు రాయలేదు. ఉంటే పీఎం2.5 (2.5 మైక్రాన్లకు మించని సన్నని ధూళికణాలు) కూడా కొలవండి, లోపలా బయటా ఒకే మీటరుతో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకం 24 గంటల సగటు ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు. రోడ్డుకు అవతలి వైపు కిటికీలు తెరవడం, పొద్దున్న గాలి కదలక పొగ నేలకు దగ్గరగా ఉన్న వేళ కాక కాస్త ఎండెక్కాక ఎక్కువగా తెరవడం, ఆ సమయంలో ప్యూరిఫయరు వేయడం, ఇలా రెండు అంకెల మధ్య సర్దుకోవలసి వస్తుంది. పొగమంచు ఉన్న ఉదయాన లేజరు మీటరు నీటి తుంపరలను కూడా ధూళిగానే లెక్కపెడుతుంది. తేమ బాగా ఎక్కువగా ఉన్నప్పటి అంకెలను పట్టించుకోవద్దు. సుద్దముక్క పొడిలో ఎక్కువ భాగం పెద్ద కణాలే, పీఎం2.5 అంకెలో అంతగా కనపడదు. దానికి తడిగుడ్డే మందు. గదులను పిల్లలు వెళ్లాక, కిటికీలు తెరిచి, తడిబట్టతో తుడిపించండి. పొడి చీపురుతో పొద్దున్నే ఊడిస్తే మొదటి పీరియడు వాళ్లే ఆ దుమ్మంతా పీలుస్తారు. కొత్త రంగుల వాసన, ఫినాయిలు ఆవిరులు ఈ రెండు మీటర్లలో ఏదీ పట్టదు, కనుక రంగులు సెలవుల మొదట్లోనే వేయించాలి.

ఇక రోజువారీ పరిశీలన. అంకెల పట్టిక కంటె గ్రాఫు ఆకారం ఎక్కువ చెబుతుంది. పీరియడు మొదలు నుంచి గంట కొట్టేవరకు నిచ్చెన వేసినట్లు ఏకధాటిగా ఎక్కుతుంటే గదిలో గాలి దాదాపు మారడం లేదు. కొంత ఎక్కి వంగి ఒకచోట సమంగా సాగితే గాలి వస్తున్నది, ఎంత వస్తున్నదో ఆ సమమైన ఎత్తు చెబుతుంది. రంపపు పళ్లలా ఉంటే ఎవరో మధ్యమధ్య తెరుస్తూ మూస్తూ ఉన్నారు. గదిలో పిల్లలు ఉండగానే అంకె ఒక్కసారిగా 600కు పడిపోయిందంటే బహుశా మీటరునే ఎవరో కిటికీ దగ్గరికి జరిపారు.

ఈ చివరి మాట వేళాకోళానికి అనలేదు. ఒక పాఠశాలలో ఏ గదిలో 1,500 దాటినా ఆ ఉపాధ్యాయుల నుంచి లిఖితపూర్వకంగా సంజాయిషీ అడగడం మొదలుపెట్టారు. రెండు వారాల్లో అంకెలన్నీ బ్రహ్మాండంగా మారాయి, మీటర్లన్నీ కిటికీ గట్లకు చేరాయి. అంకెను మనుషుల మీద తీర్పుగా వాడితే మీటరు మీకు నిజం చెప్పడం మానేస్తుంది. దానికి బదులు 1,000 దాటితే ఇంకొక కిటికీ, 1,500 దాటితే తలుపు కూడా, 2,000 దాటితే పాఠం ఒక నిమిషం ఆపి అన్నీ బార్లా అని ఒక చీటీ మీటరు కింద అంటించండి. కిటికీ తెరిచే పని వారానికొకరు చొప్పున పిల్లలకే అప్పగించండి. వాళ్లు దానిని ఎంత శ్రద్ధగా చేస్తారో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. మొదటి వారం మీటరు మీద ఊపిరి ఊది 5,000 తెప్పించే పోటీ ఒకటి నడుస్తుంది, దానికి సిద్ధంగా ఉండండి. నెలకొకసారి గ్రాఫులు చూసే మనిషి ఒకరుండాలి, ఎక్కువ అంకె నిలిచిన గదికి వడ్రంగినో ఎలక్ట్రీషియన్‌నో పంపే అధికారం ఆ మనిషికి ఉండాలి.

మీరు ఈ వారంలో నాలుగు మీటర్లనూ ఒకే బల్ల మీద, తరువాత ఆరుబయట పరీక్షించి, నాలుగు గదుల్లోనూ కిటికీలు మూసి ఒకసారి, తెరిచి ఒకసారి ఆ సాయంత్రపు కొలత తీసుకోండి. గది పొడవు, వెడల్పు, ఎత్తు, ఏ గోడకు ఎన్ని కిటికీలు, ఏసీ ఉందా లేదా, మరుగుదొడ్లు ఎటువైపు, ఇవి ఆ ఎనిమిది అంకెలతోపాటు రాసి పంపితే, ఏ గదికి ఫ్యాను నిజంగా కావాలో, ఎంతది కావాలో, ఏ గోడకు పెట్టాలో లెక్కవేసి చెబుతాను.